ఓవర్‌మన్ సారయ్యగారి కుక్కపెట్టె

మగవాడికి దయాదాక్షిణ్యాలు నేర్పడానికి పురాణాలు పనికిరావు. ఒక కుక్కపిల్లా, దాన్ని ఉంచడానికి ఒక చెక్కపెట్టే చాలు! నమ్మని పాఠకులు గోదావరి ఒడ్డున బొగ్గుగనుల కాలనీకి వెళ్ళి, గనిలో కూలీల మీద అజమాయిషీ చేసే ఓవర్‌మన్ సారయ్యగారిని దర్శించుకోవచ్చు.

సీమకు వెళ్ళిపోతున్న దొర ఒకడు ఆయనకు తన కుక్కపిల్లనూ, దానికి పెట్టె అలవాటు చేసే విధానం చెప్పే ఇంగ్లీషు పుస్తకాన్నీ ఇచ్చాడు. ఆనాటి నుంచి సారయ్య మనిషి కాదు, మహర్షి!

పుస్తకం చెప్పేదిది: అలవాటయ్యేదాకా పెట్టె తలుపు తెరిచే ఉంచాలి. కుక్క తనంతట తాను లోపలికి పోవాలి, నెట్టరాదు. తిండి లోపలే పెట్టాలి. కోపమొచ్చి అందులో మూయరాదు. మూత్రం ఆపుకోగలిగినంతసేపే లోపల ఉంచాలి. లేకుంటే కుక్క తలుపు కొరుకుతుంది, మనుషుల మీద పడుతుంది.

పెట్టె ముందు గొంతుక్కూర్చొని, మాంసం ముక్క చూపుతూ "రా బిడ్డా, ఫికర్ చెయ్యకు, నేనున్న గద" అని ఆయన బతిమాలుతుంటే చూసినవారి కళ్ళు చెమర్చేవి. భార్య సరోజన కళ్ళు మాత్రం చెమర్చలేదు. ఆడవాళ్ళకు శాస్త్రీయ దృష్టి తక్కువ కదా!

ఆమె మంథని నుంచి కొత్తగా కాపురానికి వచ్చింది. షిఫ్టుకు పోతూ సారయ్య క్వార్టరుకు బయట తాళం వేసేవాడు. అది అనుమానం కాదు, క్రమశిక్షణ. మరుగుదొడ్లు క్వార్టర్ల లైను చివర ఉన్నాయి. కాబట్టి సరోజన పొద్దున నీళ్ళు తాగడం మానుకుంది. ఇంత చిన్న సర్దుబాటుకు పుస్తకమెందుకు?

"అవ్వకు పాణం బాగలేదట, జర పోయొస్త" అని ఆమె అడిగితే, "నాకు తీరినప్పుడు తోల్కపోత" అనేవాడు. ఆయనకు తీరలేదు. కుక్క పని తక్కువా?

చిక్కల్లా ఒక్కటే. మధ్యాహ్నం కుక్కను బయటికి వదిలేదెవరు? ఇంట్లో ఉన్న మనిషికి తాళంచెవి ఇవ్వవచ్చునని సారయ్యకు తోచనే లేదు. పక్కింటి ఎల్లక్కకు ఇచ్చాడు.

"అక్కా, నడిపొద్దుకు టైగర్‌ను బయటికి ఇడువు. మూగజీవి, ఎంతసేపని ఆపుకుంటది?"

ఎల్లక్క తాళం తీసింది. కుక్క బయటికి వచ్చింది. దాని వెనక సరోజన కూడా వచ్చింది.

సారయ్య షిఫ్టు దిగి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. టైగర్ పెట్టెలో హాయిగా నిద్రపోతోంది.

"అక్కా, మా ఆమె ఏది?"

"మంథని బస్సెక్కింది."

"నువ్వెట్ల పోనిచ్చినవ్?"

"తలుపు తియ్యుమంటివి, తీసిన. కుక్క మళ్ళొచ్చింది తమ్మీ. గా పిల్ల మళ్ళొచ్చేటట్టు నువ్వెన్నడన్న సూసుకున్నవా?"

భార్యలను మచ్చిక చేసుకొనే పుస్తకం ఎక్కడ దొరుకుతుందని సారయ్య ఇప్పుడు కనబడ్డవారినల్లా అడుగుతున్నాడట. ఉన్న పుస్తకమే మరొకసారి చదవమని చెప్పేంత జాలి నాకు లేదు.