పాట మోగని పొద్దు

ఆ సోమవారం పొద్దున కొత్త గుమాస్తా చబా పెట్టుకున్న పని ఒక్కటే, గ్రామపెద్ద కచేరీలో కంప్యూటర్‌ని దారిలోకి తేవడం. దాన్ని ఆన్ చేసి, ఇంటికెళ్లి జిగురు బియ్యం ఆవిరికి పెట్టి వచ్చినా అది ఇంకా లేస్తూనే ఉండేది. మర్నాడు జిల్లా అధికారి తనిఖీకి వస్తున్నాడు. ఆయనకు పని నచ్చితే చబా ఉద్యోగం ఖాయమవుతుంది. లేకపోతే మళ్లీ మిరపతోటే.

"ఆన్ చేయగానే పిలవకుండానే ఇన్ని ప్రోగ్రాములు లేచొస్తున్నాయి బాబాయ్. అందుకే ఇంత ఆలస్యం," అంది గ్రామపెద్ద బున్‌తావ్‌తో.

"మా అత్తారింటి వాళ్లలాగా," అన్నాడాయన. "అక్కర్లేనివి తీసెయ్."

చబా ఒక్కొక్కటే ఆపింది. ఎప్పుడో పాడైపోయిన ప్రింటర్‌ది, లాటరీ నంబర్లకు జోస్యం చెప్పేది, ఒకదాన్నొకటి దొంగ అనుకునే వైరస్ కాపలాలు రెండు. చివరికి పేరూ బొమ్మా లేనిది ఒకటి మిగిలింది.

"ఇది మీరు పెట్టిందా బాబాయ్?"

"నాకు దాన్ని ఆన్ చేయడమే రాదు."

దాన్నీ ఆపింది. ఈసారి కంప్యూటర్ చబా కుర్చీ సర్దుకునేలోగా లేచింది.

ఆ పేరులేనిది పాత గుమాస్తా పెట్టి వెళ్లింది. రోజూ పొద్దున ఆరింటికి కంప్యూటర్‌ని తానే లేపి, ఊళ్లో స్తంభాల మీది మైకుల్లో పాట మోగించేది అదే. పాట కాగానే బున్‌తావ్ ఊరికి కబుర్లు చదువుతాడు. ఆయన్ని నిద్ర లేపేదీ ఆ పాటే.

మంగళవారం మైకులు మోగలేదు. అంతకుముందు అవి మోగని రోజు ఒక్కటే, పాత గ్రామపెద్ద పోయిన రోజు.

"నిన్న పచ్చిమాంసం కొట్టి కలిపే లాప్ తిన్నాడు, కడుపునొప్పి వచ్చుంటుంది. వద్దని చెబుతూనే ఉన్నా," అంది పక్కింటి సైజై అవ్వ. ఆ మాట బజారుకు వెళ్లేసరికి కడుపునొప్పి ఆసుపత్రి అయింది. గుడికి చేరేసరికి ఆసుపత్రితో కూడా పని లేకపోయింది. ఆయన భార్య ఊళ్లో లేదు. కచేరీ వెనకే ఉన్న ఆయన ఇంటి తలుపు లోపల గడియ వేసి ఉంది.

"తట్టి చూద్దామా అవ్వా?" అన్నారెవరో.

"తట్టు. చచ్చిన మనిషే వచ్చి తీస్తే ఏం చేస్తావ్?"

ఎవరూ తట్టలేదు.

చబా వచ్చేసరికి కచేరీ ముందు నల్లబట్టల జనం, వరసగా కరెంటు పంకాలు. పువ్వులైతే వాడిపోతాయని, ఆ ఊళ్లో చావుకు పంకాలకే నలుపు తెలుపు రిబ్బన్లు కట్టి తెస్తారు. తర్వాత గుడికి పనికొస్తాయి. బాబాయ్‌తోపాటే ఉద్యోగమూ పోయిందనుకుని చబా ఏడ్చింది. అలా అనుకున్నందుకు ఇంకాస్త ఏడ్చింది.

తనిఖీకి వచ్చిన జిల్లా అధికారి చేతిరుమాలు తీసి, మైకు అడిగాడు. మైకు పనిచేసేది కంప్యూటర్ మీదే కాబట్టి చబా దాన్ని ఆన్ చేసింది. అది వెంటనే లేచింది. చూసి మెచ్చుకునే స్థితిలో ఎవరూ లేరు.

"బున్‌తావ్ లాంటి పెద్ద ఈ జిల్లాలో మరొకరు లేరు," అన్నాడు అధికారి. ఊరంతా మైకులు మోగాయి. "ఈ అమ్మాయి ఉద్యోగం ఖాయం చేయమని ఎన్నోసార్లు అడిగారు. నేను వినలేదు. వారి ఆఖరి కోరికగా భావించి, ఈ క్షణం నుంచే ఖాయం చేస్తున్నాను."

ఆ మోతకు మెలకువ వచ్చి, గళ్ల తువ్వాలు చుట్టుకుని, నోట్లో పళ్ల బ్రష్‌తో పెరటి దారిన కచేరీలోకి వచ్చి చబా పక్కన నిలబడ్డాడు బున్‌తావ్.

"ఎవరే పోయింది?"

చబా కళ్లు తుడుచుకుంది. "మీరే బాబాయ్. ఆ పేరులేనిది... పాట మోగించేది అదేనేమో. నేనే తీసేశాను."

ఆయన బ్రష్ నోట్లోంచి తీశాడు. "మళ్లీ పెట్టు. కానీ ఆయన మాట్లాడటం అయ్యేదాకా ఎవరికీ చెప్పకు."

అధికారి ఇంకా చాలాసేపు పొగిడాడు. వెనక్కి తిరిగి బున్‌తావ్‌ని చూసేసరికి, తనన్న మాటలన్నీ ఊరు మొత్తం విని ఉంది. వెనక్కి తీసుకునే వీల్లేదు. సైజై అవ్వ మాత్రం అప్పటికే జారుకుని గుడి దాటిపోయింది.

బుధవారం ఆరింటికి పాట మోగింది. తర్వాత బున్‌తావ్ గొంతు ఎప్పటిలాగే వినిపించింది. "ఊరి ప్రజలకు మనవి. కాలవ పూడిక తీయడానికి ఇంటికొకరు రావాలి. నేను బతికే ఉన్నాను. పంకాలు తిరిగి ఇవ్వబడవు."