బుల్లమ్మ గారు ఇక లేరు

ఆ సోమవారం పొద్దున సూర్యనారాయణ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికల్లా ముప్పై పార్సిళ్ళు కట్టాలి, పోస్టాఫీసులో ఇచ్చి రావాలి, భోజనమయ్యేదాకా ఫోను ఎత్తకుండా ఉండాలి. మూడింట్లోకీ కష్టమైనది మూడోదే.

అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక వీధిలో ఆయనకు 'సత్యలక్ష్మి పిండివంటలు' అనే వ్యాపారం ఉంది. జనం ఫోను చేసి చెబుతారు. ఈయన బెల్లం గవ్వలు, నువ్వుండలు, అల్లం మురబ్బా డబ్బాల్లో పెట్టి ఏ ఊరికైనా పంపుతాడు. సత్యలక్ష్మి ఆయన భార్య. పేరు ఆవిడది, పొయ్యి ముందు సెగా ఆవిడదే. పార్సిళ్ళు కట్టడానికి కుమారి, నాగజ్యోతి అని ఇద్దరమ్మాయిలు ఉండేవారు. పోయిన నెల ఇద్దరూ ఒకే రోజు అచ్యుతాపురం వైపు ఏదో కంపెనీలో చేరిపోయారు. కంపెనీ బస్సు వీధి చివరికొచ్చి ఎక్కించుకుంటుంది. వాళ్ళ మీద ఆయనకు కోపం లేదు. వీధి చివరికి బస్సొస్తే ఎవరైనా ఎక్కుతారు.

బుల్లమ్మ సంగతి వేరు. పన్నెండేళ్ళుగా ఫోను ఆవిడ చేతిలోనే ఉండేది. చదువు రాదు. ఎవరికి ఏం కావాలో విని, గుర్తుపెట్టుకుని, పక్కనున్న అమ్మాయిల చేత రాయించేది. అమ్మాయిలు మానేసిన మర్నాడు, డబ్బాలు గుమ్మందాకా పేరుకుపోయి ఉండగా, ఆవిడ ఒకే మనిషితో నలభై నిమిషాలు మాట్లాడటం సూర్యనారాయణ చూశాడు. అందులో సరుకు గురించి అర నిమిషం. మిగతాదంతా అవతలివాళ్ళ మోకాళ్ళ నొప్పి.

"కబుర్లు చెప్పడానికా నీకు జీతం ఇస్తన్నాను?" అని అరిచాడు. అరిచింది గుమ్మంలో, వీధిలో నలుగురూ వింటుండగా.

 బుల్లమ్మ ఫోనును పైటచెంగుతో తుడిచి బల్లమీద పెట్టింది. "వత్తాను బాబూ" అని చెప్పులేసుకుంది. మర్నాడు వస్తుందనుకున్నాడు. రాలేదు. అద్దె గది ఖాళీ చేసి, రావికమతం దగ్గర పల్లెలో ఉన్న కొడుకింటికి వెళ్ళిపోయిందని తెలిసింది. వెళ్ళి తీసుకురావాలని రోజూ అనుకున్నాడు. రోజూ రేపనుకున్నాడు.

ఇప్పుడు నూట పద్నాలుగు ఆర్డర్లు కదలకుండా ఉన్నాయి. ఫోను మోగుతూనే ఉంది. కాకినాడ నుంచి ఒకావిడ తిట్టింది. హైదరాబాదు నుంచి ఒకాయన, "మీరు చెరకు నాటారా ఏంటండీ, బెల్లం కోసం?" అని అడిగాడు.

"ఒక్కొక్కళ్ళకీ ఎంతకని సెప్తారు? అందరికీ ఒకే మెసేజి పెట్టీండి," అంది సత్యలక్ష్మి గవ్వలు వేయిస్తూ. "మనుషులు లేరు, కాస్త ఓపిక పట్టండని."

సలహా బాగుంది. ఆయన మెట్టు మీద కూర్చుని శ్రద్ధగా రాశాడు. 'బుల్లమ్మ గారు ఇక మా దుకాణంలో లేరు. అందుచేత పార్సిళ్ళు ఆలస్యమవుతున్నాయి. దయచేసి ఓపిక పట్టగలరు.' చదువుకున్నాడు. రాష్ట్రమంతా సరుకు పంపేవాడు దుకాణం అనుకుంటే చిన్నతనంగా తోచింది. 'మా దుకాణంలో' అన్న మాటలు తీసేశాడు. మర్యాదకు చివర రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. అందరికీ పంపి, ఫోను పక్కనపెట్టి, పార్సిళ్ళకు తాళ్ళు కోసుకున్నాడు.

గంటసేపు ఫోను మోగలేదు. అలాంటి గంట ఆయన చూసి నెలయింది. కొంచెం భయమేసి తీసి చూస్తే డెబ్భైకి పైగా జవాబులున్నాయి.

'అయ్యో, ఎంత మంచి మనిషి!' అని ఒకరు. 'పార్సెల్ మాట తర్వాత, ముందు మీరు ధైర్యంగా ఉండండి' అని ఇంకొకరు. పొద్దున తిట్టిన కాకినాడ ఆవిడ పొడుగ్గా రాసింది. తను కడుపుతో ఉండి ఏదీ ఇమడక నీరసపడిపోయిన రోజుల్లో బుల్లమ్మ అడగకుండానే పార్సెల్లో అల్లం మురబ్బా పెట్టించి పంపిందట. వారం వారం తిన్నావా అని అడిగేదట. పిల్లకిప్పుడు ఆరేళ్ళట. హైదరాబాదు ఆయన, 'షుగర్ పరీక్ష చేయించుకుని చెప్పు, అప్పుడే ఉండలు పంపుతానంది. ఆవిడ మాట విని చేయించుకున్నా కాబట్టి కాళ్ళు దక్కాయి' అని రాశాడు.

సత్యలక్ష్మి చేతిలో చిల్లుల గరిటెతోనే వచ్చి మెసేజి చదివింది.

"ఏటండీ ఇది! ఆ మనిషిని సంపేసేరు కదా!"

"నేనేం చంపేను? లేరని రాసేను. లేదు కదా మరి?"

"గారు అని ఎందుకు రాసేరు? బతికున్న పన్నెండేళ్ళలో ఒక్కనాడన్నారా?"

 పొరపాటు జరిగిందని వెంటనే ఇంకో మెసేజి రాద్దామని కూర్చున్నాడు. 'బుల్లమ్మ బతికే ఉంది' అని రాశాడు. మరి ఎందుకు మానేసిందని అడుగుతారు. అది రాయడానికి చేయి రాలేదు. పైగా ఆ నెలలో మొదటిసారి ఎవరూ తొందరపెట్టడం లేదు. రేపు చెబుదామనుకున్నాడు.

మంగళవారం తెనాలి నుంచి వెంకటరమణ అనే ఆయన ఫోను చేశాడు. రైల్వే పార్సెల్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. 

"ఎట్లా పోయిందయ్యా?"

సూర్యనారాయణకు అబద్ధం చెప్పాలని లేదు. "ఉన్నట్టుండి వెళ్ళిపోయిందండి."

"బాధపడిందా?"

"పడ్డట్టే ఉందండి."

"పక్కన ఎవరైనా ఉన్నారా?"

"నేనే ఉన్నాను."

"చివరి మాటేమైనా అందా?"

"'వత్తాను బాబూ' అందండి."

అవతల ఏడుపు వినిపించింది. చెప్పినవన్నీ నిజాలే. ఫోను పెట్టేశాక సూర్యనారాయణ బెల్లం బస్తాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. బయటికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బస్తాల దుమ్మని చెప్పాడు. సత్యలక్ష్మి నమ్మినట్టు తలాడించింది.

బుధవారం రాజమండ్రి నుంచి ఎవరో తెల్లచీర పంపారు, అన్నదానం రోజున ఎవరికైనా పెట్టమని. కాకినాడ ఆవిడ పటం కట్టిస్తానని ఫొటో అడిగింది. పన్నెండేళ్ళలో బుల్లమ్మను ఎవరూ ఫొటో తీయలేదని అప్పుడే తెలిసింది. పెద్దకర్మ ఎప్పుడని పదకొండు మంది అడిగారు. రేపు తప్పకుండా చెప్పేద్దామనుకున్నాడు.

గురువారం ఉదయం తొమ్మిదింటికి గుమ్మంలో ఒక పెద్దాయన నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో సంచి, చేతిలో అరటాకులో చుట్టిన మల్లెల దండ.

"నేనేనయ్యా, తెనాలి వెంకటరమణని. రైలు దిగి ఇటే వచ్చా. వాళ్ళింటికి తీసుకుపో."

"రావికమతం దాకా వెళ్ళాలండి. ఎండగా ఉంటుంది..."

"మా ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఆ రోజు నుంచి శుక్రవారం శుక్రవారం బుల్లమ్మతో మాట్లాడేవాణ్ణి. ఈ నెలగా నువ్వే ఎత్తుతున్నావు. పోయిన శుక్రవారం నేను ఫోన్ చేసింది నలభై రోజుల నుంచి రాని పార్సెల్ కోసమనుకున్నావా? నా ఆర్డర్ వస్తే మళ్ళీ ఫోన్ చేయడానికి వంక ఉండదని భయపడ్డవాణ్ణి నేను. పద."

సూర్యనారాయణ నోరు తెరిచాడు. సత్యలక్ష్మి వైపు చూశాడు. ఆవిడ సాయం చేయలేదు. "వెళ్ళి రండి," అంది.

చోడవరం మీదుగా బస్సులో వెళ్ళారు. చొక్కా నలగకుండా, దండ వాడకుండా పెద్దాయన నిటారుగా కూర్చున్నాడు. చెరకు తోటలు పోతున్నాయి. ప్రతి స్టాపు దగ్గరా సూర్యనారాయణ ఇక్కడ చెప్పేద్దామనుకున్నాడు. కండక్టరు దండ చూసి, "పాపం, ఎవరండీ?" అన్నాడు. "మా చెల్లెలు," అన్నాడు వెంకటరమణ. ఆ మాట తర్వాత చెప్పడానికి ఇక ఏ స్టాపూ మిగల్లేదు.

పల్లెలో రెండో వీధిలో చిన్న రేకుల ఇల్లు. అరుగు మీద బుల్లమ్మ కూర్చుని అలసందలు ఒలుస్తోంది. పక్కన చీర ఉయ్యాలలో మనవరాలు నిద్రపోతోంది. సూర్యనారాయణ కాళ్ళు వీధి మలుపులోనే ఆగిపోయాయి. పెద్దాయన ముందుకెళ్ళాడు.

"ఎవలు బాబూ? ఎవలింటికి?" అంది ఆవిడ తలెత్తకుండానే.

వెంకటరమణ కదల్లేదు. ఆయన ఆవిడను ఎన్నడూ చూడలేదు. గొంతే తెలుసు.

"ఇంకోసారి అనమ్మా," అన్నాడు.

"ఏటి?"

"ఏదైనా సరే. ఇంకోసారి."

"ఎవలింటికని అడిగేను. సెవుడా?" అని తలెత్తింది. ఆయన ముఖం చూసింది, వణుకుతున్న గడ్డం చూసింది. "మీ గొంతు... తెనాలి అన్నయ్యగోరా? అయ్యో, ఎందుకేడుత్తన్నారు? ఈ దండేటి?"

ఆయన అరుగు అంచున కూలబడిపోయాడు. అప్పుడామె వీధి మలుపులో నిలబడ్డ మనిషిని చూసింది.

సూర్యనారాయణ వచ్చి నిలబడే చెప్పాడు. మెసేజి సంగతి, తీసేసిన రెండు మాటల సంగతి, తెల్లచీర సంగతి. బుల్లమ్మ ఒలిచిన గింజలు చేత్తో కలుపుతూ విన్నది.

"అయితే నాను సచ్చిపోయేనన్నమాట."

"తప్పయిపోయింది బుల్లమ్మా."

"ఏడిసేరా?"

"ఎవరు?"

"అందరూ."

"ఏడ్చారు." ఫోను తీసి ఒక్కొక్క మెసేజీ చదివి వినిపించాడు. కాకినాడ పిల్లకు ఆరేళ్ళని విని, "ఆరొచ్చేసేయా!" అంది. హైదరాబాదు ఆయన కాళ్ళ సంగతి విని కళ్ళు తుడుచుకుంది. అన్నీ అయ్యాక అడిగింది.

"మీరో బాబూ?"

ఆయన తలూపాడు. 

"నాను ఎల్లిపోయిన మర్నాడు వత్తారనుకున్నాను," అంది బుల్లమ్మ. "మీకోసం ఈ అరుగు మీదే కూకున్నాను. తరవాత కూకోడం అలవాటైపోయింది."

"ఇప్పుడు రా. ఎంతసేపు మాట్లాడినా నేనేమీ అనను. ఆ నలుగురి ముందే తప్పని చెప్తాను."

"రాను బాబూ. కోపం పోయింది. ఆ మాట పోలేదు." ఉయ్యాలను ఒకసారి ఊపింది. "మరి నా కోడలు కూడా కంపెనీ బస్సెక్కుతోంది. ఈ పిల్లని సూసే మనిషి లేదు."

 ఆవిడే చేయి చాచింది. "ఫోనివ్వండి. ఏడిసినోళ్ళకి సెప్పాలి కదా." గొంతు మెసేజి ఎలా పంపాలో చూపించాడు. ఆవిడ ఫోనును పైటచెంగుతో తుడిచి మాట్లాడింది.

"నాను బుల్లమ్మని. బతికే ఉన్నాను. మనవరాల్ని సూసుకోడానికి ఇంటికొచ్చేసేను, అంతే. బాబుది రాతలో పొరపాటు. అక్కడ మనుషులు లేరు, పార్సిళ్ళు ఆలీసం అవుతాయి. కోప్పడకండి. షుగరు పరీచ్చ మానకండి."

గుమ్మంలో తిట్టిన తిట్టు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. సూర్యనారాయణ మొహం తిప్పుకుని చెరకు తోటల వైపు చూస్తూ నిలబడ్డాడు. వెళ్ళేముందు వెంకటరమణ దండను ఏం చేయాలో తెలియక అటూ ఇటూ చూశాడు. ఆవిడే తీసుకుని ఉయ్యాల తాడుకు చుట్టింది.

బుల్లమ్మ బతికుందని తెలిశాక ఇరవై ముగ్గురు ఆర్డర్లు రద్దు చేసుకున్నారు. చనిపోయిందంటే ఎన్నాళ్ళైనా ఆగుతామన్నవాళ్ళే, మనవరాల్ని చూసుకుంటోందంటే ఆగలేమన్నారు. కొందరు తమను అనవసరంగా ఏడిపించారని తిట్టారు. కాకినాడ ఆవిడ మాత్రం ఆగింది. మిగిలినవాళ్ళూ ఆగారు, అప్పుడప్పుడూ విసుక్కుంటూ.

వెంకటరమణ ఆ సాయంత్రం రైలెక్కలేదు. దుకాణంలో పేరుకున్న డబ్బాలు చూసి, ఒకటి తీసి, కట్టిన తాడు విప్పేశాడు.

"ఇట్లాగా కట్టేది? విజయవాడ దాటకముందే ఊడిపోతుంది. ముప్పై రెండేళ్ళు పార్సెల్ ఆఫీసులో చేశానయ్యా, ఆ తాడిటివ్వు."

"మీరు కస్టమరండి," అన్నాడు సూర్యనారాయణ.

"ఇంటికి పోయి ఎవరితో మాట్లాడను?" అన్నాడు పెద్దాయన, ముడి వేస్తూ.

సత్యలక్ష్మి పై గది తుడిపించింది. శుక్రవారం పొద్దున ఇద్దరూ కూర్చుని, అందరికన్నా ఎక్కువ రోజులు ఆగినవాళ్ళతో మొదలుపెట్టి వరసగా కట్టుకుంటూ పోయారు. సూర్యనారాయణ జాబితా చూసి చిరునామా రాశాడు, వెంకటరమణ తాడు బిగించాడు. ఎవరి పేరో చూసుకునే తీరిక ఇద్దరికీ లేదు. మధ్యాహ్నానికి పోస్టాఫీసులో ముప్పై ఇచ్చారు.

అందులో మొదటిది తెనాలి వెళ్ళి, ఇంటికి తాళం ఉందన్న రాతతో పదోరోజున తిరిగొచ్చింది.