నాగేంద్రప్రసాద్ గారి నీచ శని

"మా పార్టీ కువైట్ విభాగం కన్వీనర్ శ్రీ నాగేంద్రప్రసాద్ గారి జాతకంలో శని నీచపడ్డాడని తెలియజేయడానికి మిక్కిలి గర్విస్తున్నాము."

సాల్మియాలో నేను వంట చేసే హోటల్ పైన ఒక పార్టీ హాలుంది. అక్కడ కార్యదర్శి నరసింహులు ఈ ప్రెస్ నోట్ చదవగానే చప్పట్లు మోగాయి. నేను కూడా గరిటె పక్కనపెట్టి మెట్ల మీదనుంచే కొట్టాను. శని నీచపడితే చప్పట్లెందుకని మీరడగొచ్చు. రాజకీయం తెలియనివాళ్లు అలాగే అడుగుతారు.

పార్టీ ఆస్థాన సిద్ధాంతి మద్దిలేటి స్వామి వివరించారు. ఆయన శుక్రవారాలు జాతకాలు చూస్తారు, తక్కిన రోజుల్లో స్కూలు బస్సు నడుపుతారు. "శని మేషంలో నీచం. కానీ మేషానికి అధిపతైన కుజుడు కేంద్రంలో కూర్చున్నాడు. నీచం భంగమైపోయింది. దీన్నే నీచభంగ రాజయోగం అంటారు. అన్నకు పదవి ఖాయం!"

పదవి అంటే ఈతచాపల అభివృద్ధి కార్పొరేషన్ చైర్మన్ పదవి. నెలాఖరున మంత్రిగారు కువైట్ వస్తున్నారు. పేరు ఇక్కడే ప్రకటిస్తారట. నాగేంద్రప్రసాద్ గారు పదిహేనేళ్లుగా ఖర్జూరపు చెట్ల మధ్య బతుకుతున్నారు కాబట్టి ఆయన్ని మించిన అర్హుడు లేడని మా అందరి అభిప్రాయం.

"అయితే ఒక చిక్కు," అన్నారు సిద్ధాంతి. "కిందపడందే లేవడం ఉండదు. మంత్రిగారి ఎదుట అన్నకు అవమానం జరగాల. అప్పుడే యోగం కదిలేది."

నాగేంద్రప్రసాద్ గారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ప్రజల కోసం ఎంత అవమానానికైనా సిద్ధం," అన్నారు. అంతటి త్యాగమూర్తి.

రిహార్సల్‌గా వచ్చే శుక్రవారమే 'అవమాన మహోత్సవం' పెట్టారు. ఫ్లెక్సీ కట్టారు. భోజనాలకు నూటయాభై మందికి నేనే బిర్యానీ వండాను.

ముందుగా నరసింహులు మైకందుకున్నాడు. "మా నాయకుడు సిగ్గులేనోడు! తిండీ నిద్రా మానుకోని, సిగ్గులేకుండా జనం కోసం చాకిరీ చేసేటోడు!" జనం ఈలలు వేశారు. తర్వాత మహిళా విభాగం పుష్పలత లేచింది. "ఈయన దొంగ! పేదల మనసులు దోచుకున్న గజదొంగ!" అని కళ్లొత్తుకుంది. చివర్లో చెప్పుల దండ వేశారు. చెప్పులన్నీ కొత్తవే, మాల్‌లో డిస్కౌంట్‌లో కొన్నవి. పాతవైతే అన్నకు ఎలర్జీ. దండ పడగానే ఎవరో అలవాటు కొద్దీ శాలువా కూడా కప్పేశారు.

సిద్ధాంతి తల అడ్డంగా ఊపారు. "ఇది సన్మానం. శని ఒప్పుకోడు. శని సేవకులకు కారకుడు. పనిచేసి బతికేవాళ్లు, కడుపు మండినవాళ్లు, నిజంగా తిట్టాల."

కడుపు మండినవాళ్లను వెతకడానికి ముగ్గురు సభ్యులతో కమిటీ వేద్దామన్నాడు నరసింహులు. అవసరం లేకపోయింది. సంజీవమ్మ మెట్ల దగ్గరే కూర్చుని ఉంది. ఆమె ప్రతి నెలా వచ్చి అక్కడే కూర్చుంటుంది.

సంజీవమ్మది రాయచోటి పక్క. ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ ఇంట్లో పని. అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయినా, ఇంకో పనిమనిషి దొరికేదాకా కదలొద్దంటుంది ఆ ఇంటి 'మామా', అంటే యజమానురాలు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంది. ఊళ్లో కూతురికి నెలలు నిండుతున్నాయి, తొలికాన్పు. కాన్పు నాటికి నన్ను ఊరు చేర్చండయ్యా అని ఆమె అడగడం, చూస్తాలే అని అన్న అనడం నాకు ప్రార్థన గీతంలా అలవాటైపోయింది.

"అక్కా," అన్నారు నాగేంద్రప్రసాద్ గారు ఎంతో వినయంగా, "నువ్వు నన్ను తిట్టల్ల."

సంజీవమ్మ హడలిపోయింది. "నేనేం తప్పు జేసినా నాయనా?"

"నువ్వు కాదక్కా, నేను జేసినా. తిట్టు."

"నువ్వేం జేసినావని తిట్టేది? ఏమన్నా జేసింటే గదా!"

సిద్ధాంతి ఎగిరి గంతేశారు. "ఇదీ నోరంటే! కుజుడు కదిలినాడు! మంత్రిగారి ముందర ఈయమ్మే తిట్టల్ల!"

సంజీవమ్మ కొంగు ముడి విప్పి, మళ్లీ వేసుకుంది. తర్వాత నిదానంగా అంది. "ఈడుండి తిట్టలేను నాయనా. తిడితే నన్ను మళ్లా ఊరికి పంపుతావా? ముందు పంపించు. ఊర్లో దిగినాంక ఫోన్లో, నలుగురూ వినేట్ల, ఏడు తరాలూ తిడతా. మా అత్తను అడుగు నా నోరెట్లాదో."

హాలంతా అన్న వైపు చూసింది. అన్న ఫోన్ తీశారు. షర్క్‌లో ఆఫీసున్న ఒక పెద్దమనిషితో మాట్లాడారు. ఆయన సంజీవమ్మ వీసాకు పూచీపడ్డ ఆ ఇంటి కఫీల్‌తో మాట్లాడాడు. బిర్యానీ గిన్నెలు కడిగేలోపు, పాస్‌పోర్టు రేపొచ్చి తీసుకోమని కబురొచ్చింది.

"ఇంత సులువా అన్నా?" అన్నాను నేను ఆశ్చర్యంగా.

"నాకేం తెలుసు? ఎప్పుడూ చేయలేదు గదా," అన్నారు ఆయన అంతకంటే ఆశ్చర్యంగా.

ఆ వారంలోనే సంజీవమ్మ విమానమెక్కింది. టిక్కెట్టు పార్టీదే. ఎయిర్‌పోర్టులో నరసింహులు ఆమెకు మంచి తిట్లు రెండు మూడు గుర్తుచేశాడు కూడా.

నెలాఖరున మంత్రిగారు వచ్చారు. దండలు, డప్పులు అయ్యాక నాగేంద్రప్రసాద్ గారు చేతులు కట్టుకుని విన్నవించారు. "అయ్యా, ఇప్పుడొక పేదరాలు నన్ను ఫోన్లో తిడుతుంది. తమరు ఏమీ అనుకోవద్దు."

"కానీండి," అన్నారు మంత్రిగారు. "నాకు రోజూ ఉండేదే."

ఫోన్‌ను మైకు ముందు పెట్టారు. సిద్ధాంతి కళ్లు మూసుకున్నారు.

"నాయనా, నాగేంద్రా!" అంది సంజీవమ్మ గొంతు. వెనక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. "వింటాండావా? మనవడు పుట్టినాడు. నా చేతుల్లోకే వచ్చినాడు నాయనా! నువ్వు పంపకుంటే ఈ సుఖం నాకు యాడిది?"

"అక్కా, తిట్టు," అన్నారు అన్న.

"ఎట్ల తిట్టేది? నోరు రావడంలే. నువ్వు సల్లగుండల్ల. నీ పిల్లలు సల్లగుండల్ల. బిడ్డకు నీ పేరే పెడతాండాం."

"ఒక్క తిట్టు! చిన్నది!"

"నా బంగారు నాయనా..."

నరసింహులు ఫోన్ లాక్కుని ఆపేశాడు. సిద్ధాంతి కళ్లు తెరవకుండానే, "ఖలాస్," అన్నారు.

మంత్రిగారు ముఖం గంటుపెట్టుకున్నారు. "జనం పిల్లలకు పేరు పెట్టుకునేదాకా వచ్చిందా వ్యవహారం?" అన్నారు. "ఇంత మంచిపేరున్నోడికి పదవి కూడా ఇస్తే, రేపు నా సీటు గతేంటి?"

ఈతచాపలు వేరే ఆయనకు పోయాయి. ఆయన్ని జిల్లా మొత్తం తిడుతుంది. శాస్త్రం అబద్ధమాడదు.

మర్నాడే ప్రెస్ నోట్ వచ్చింది. "సంజీవమ్మ దీవెనను పార్టీ కువైట్ విభాగం తీవ్రంగా ఖండిస్తున్నది."

నోట్ బయటికొచ్చిన సాయంత్రం హోటల్ ముందు జనం లైను కట్టారు. ముందు నిలబడ్డది జగిత్యాల భూమేశ్. కంపెనీ రెండేళ్లుగా అతనికి సెలవివ్వడం లేదు. "సార్, నేను గామె లెక్క మోసం జెయ్య," అని అరుస్తున్నాడు పైకి. "నన్ను ఇంటికి తోలుండ్రి. దిగంగనే మంచిగ తిడ్త!"

నేను పొయ్యి ఆర్పేసి వెళ్లి లైన్లో నిలబడ్డాను. నా నోరు మంచిది కాదని మా ఊళ్లో అందరికీ తెలుసు.