తుమ్ముకు ఆగిన ఫెర్రీ

ఆస్ట్రేలియాలో డార్విన్ రేవు నుంచి మాండోరాకు వెళ్ళే మొదటి ఫెర్రీ మీద ఆ ఉదయం ఉపేంద్ర చేయవలసింది ఒకటే పని. రేవు గుంజకు వేసిన తాడు తీయాలి. చక్కగా తీస్తే ప్రొబేషన్ ముగిసి ఉద్యోగం ఖాయమవుతుంది. తడబడితే ఇంటికే. కెప్టెన్ గ్రెగ్ ఆ మాట ముందే చెప్పాడు. ఇంటర్వ్యూలో మనవాడు "గోదావరి లాంచీలోనే పుట్టాను సార్" అని కోసిన కోతలు మరి అలాంటివి. నిజానికి లాంచీ ఎక్కిన ఆ ఒక్కసారీ అవతలి ఒడ్డుదాకా వాంతులు చేసుకున్న ఘనుడు.

ప్రయాణికులు ఎక్కారు. వాళ్ళలో ఉపేంద్ర పక్కింటి కోటమ్మ ఆంటీ కూడా ఉంది. గ్రెగ్ పైనుంచి చెయ్యి ఊపాడు. ఉపేంద్ర తాడు తీశాడు. సరిగ్గా అప్పుడే కోటమ్మ తుమ్మింది. ఒక్కటే తుమ్ము.

తాడు మళ్ళీ గుంజకు ఎక్కింది. నవ్వకండి. మీరైనా నేనైనా అదే పని చేసేవాళ్ళం. మనకు బుర్ర ఒప్పుకున్నా చెయ్యి ఒప్పుకోదు.

"ఇంకోటి తుమ్మండాంటీ, మీకు పుణ్యముంటుంది!"

"వస్తే తుమ్మనట్రా? రాందాన్ని ఎక్కణ్ణుంచి తెమ్మంటావ్? కాసిని మంచినీళ్ళు తాగి కూర్చో."

పైనున్న గ్రెగ్ తాడు వదిలారనుకుని ఇంజన్ పెంచాడు. ఫెర్రీ కాస్త ముందుకు పోయి, పలుపు లాగిన గేదెలా వెనక్కి తన్నుకుంది. ఒక లావుపాటాయన కాఫీ ఆయన ఒళ్ళోనే ఒలికింది. ఆయన పెట్టిన కేకకు "మొసలి గుద్దింది!" అన్నారెవరో. ఒకాయన లైఫ్ జాకెట్ తొడుక్కున్నాడు. ఆయన్ని చూసి అందరూ తొడుక్కున్నారు. మొసలి మొదట కారంత ఉంది, నిమిషంలో లారీ అంత అయింది. నేను అక్కడుంటే రైలంత అయ్యేది. ఆ భాగ్యం లేకపోయింది.

గ్రెగ్ మొహం కందగడ్డ చేసుకుని దిగి వచ్చాడు. "ఆ తాడు మళ్ళీ ఎందుకేశావ్?"

కోతల్లో దిట్టకు ఆ క్షణాన ఒక్క అబద్ధమూ తట్టలేదు. "ఆంటీ తుమ్మింది సార్. ఒంటి తుమ్ము. బయల్దేరకూడదు."

ఉపేంద్ర మనసులోనే యూనిఫాం విప్పి మడతపెట్టేశాడు. గ్రెగ్ చూపు మాత్రం కోటమ్మ ఒళ్ళో సంచీ మీద పడింది. "అందులో ఏముంది?"

"బనానాస్ నాయనా. మాండోరాలో మా చెల్లెలింట్లో సత్యనారాయణ వ్రతం. పూజకి."

గ్రెగ్ రెండడుగులు వెనక్కి వేశాడు. వాళ్ళ తాత జాలరి, తండ్రి జాలరి. అరటిపండు ఎక్కిన పడవ ఒడ్డు చేరదని వాళ్ళింట్లో నమ్మకం.

"నువ్వు తాడు వేయబట్టి రేవు వదల్లేదు, బతికాం, మేట్!" అంటూ ఉపేంద్ర భుజం తట్టాడు. "నీ ఉద్యోగం ఖాయం. ముందు ఆ పళ్ళు దించు."

"పళ్ళు దిగితే నేనూ దిగుతా," అంది కోటమ్మ. "వ్రతం ఆగితే ఆ స్వామికి నువ్వే చెప్పుకోరా ఉపేంద్రా."

చివరికి రాజీ కుదిరింది. కోటమ్మ రేవు మీదే స్వామికి నైవేద్యం చూపించి, పళ్ళన్నీ ప్రసాదంగా పంచేసింది. ప్రయాణికులందరూ లైఫ్ జాకెట్లతోనే వరసగా నిలబడి తలో పండూ తిని, తొక్కలు చెత్తబుట్టలో వేసి ఎక్కారు. గ్రెగ్ రెండు తిన్నాడు. నేలమీద దోషం లేదట.

పర్మనెంటు ఉద్యోగిగా ఉపేంద్ర మొట్టమొదట మైకు అందుకుని, సాంకేతిక కారణాల వల్ల జరిగిన ఆలస్యానికి చింతిస్తున్నామని ప్రకటించాడు.