కొండ మీద పచ్చజెండా

కొండ మీది అడవిలో గాలి శుద్ధంగా ఉందని నిరూపించే బాధ్యతను ప్రభుత్వం ఒక మీటరుకూ ఒక మనిషికీ అప్పగించింది. మీటరు గాలిలో ఓజోన్ అనే విషవాయువును కొలుస్తుంది. మనిషి ఆ అంకె చూసి పచ్చజెండానో ఎర్రజెండానో ఎగరేస్తాడు. అంకె హద్దు దాటి ఎర్రజెండా ఎగిరితే బడిపిల్లలు ఆరుబయట పరుగెత్తరాదు, విశ్రాంతి గృహంలో అతిథులు దిగరాదు. ఆ మనిషిని అందరూ గాలిమాస్టారు అంటారు. ఆయన కూతురికి ఉబ్బసం. అందుకని ఆ జెండా ఆయనకు ఒట్టి ఉద్యోగం కాదు.

చిక్కంతా మీటరు నిజాయితీతో వచ్చింది. మబ్బు పట్టినా వాన పడినా బుద్ధిగా ఉండేది. ఎండ కాసి, కింది నగరం పొగను లోయగాలి పైకి మోసుకొచ్చిందా, మధ్యాహ్నానికల్లా అంకె ఎగబాకేది. పొగ ఎండలో ఉడికి ఓజోన్ అవుతోందనీ, అది చెట్ల ఆకుల్నీ పిల్లల ఊపిరితిత్తుల్నీ సమానంగా పాడుచేస్తోందనీ గాలిమాస్టారు రిపోర్టు రాశారు. సమానత్వమంటే గౌరవమున్న పై ఆఫీసు దాన్ని బీరువాలో భద్రపరిచింది.

వరసగా తొమ్మిది ఎర్రజెండాలు ఎగిరాక డైరెక్టరుగారు స్వయంగా వేంచేశారు. మర్నాడే బడిపిల్లల పరుగుపందెం. ప్రారంభించడానికి మంత్రిగారు వస్తున్నారు.

"ఏమయ్యా, అడవిని చూసుకోమంటే అడవి పరువు తీస్తున్నావే?"

"ఎండ సార్. ఎండ తగ్గితే అదీ తగ్గుతుంది."

"ఎండకి మెమో ఇవ్వలేను. నీకివ్వగలను."

ఆపైన మీటరుకు అనువైన చోటు కోసం గాలింపు మొదలైంది. విశ్రాంతి గృహం వెనక, డీజిల్ జనరేటరు పక్కన పెట్టగానే అంకె పాతాళానికి పడింది. గాలిమాస్టారు కంగారుగా వివరించారు: తాజా పొగ తన పక్కనున్న ఓజోన్‌ను మింగేస్తుంది, ఒక విషం ఇంకో విషాన్ని తినడమే తప్ప గాలి బాగుపడదు, నాలుగడుగులు అవతలికి వెళితే మళ్లీ మామూలే. డైరెక్టరుగారు అందులో తనకు కావలసిన సగమే విన్నారు. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది: "డీజిల్ పొగ ఓజోన్ నివారిణి అని క్షేత్రస్థాయిలో రుజువైనందున, అటవీ సంరక్షణార్థం పగలంతా జనరేటరు నడపవలెను." మీటరు స్తంభాన్ని అక్కడే కాంక్రీటుతో బిగించారు.

మర్నాడు ఎండ నిప్పులు చెరిగింది. మీటరు మాత్రం చల్లగా ఉంది. గాలిమాస్టారు తన చేత్తోనే పచ్చజెండా కట్టి, కూతుర్ని పందెం నుంచి తప్పించమని అడగడానికి హెడ్మాస్టరు దగ్గరకు పరుగెత్తారు. హెడ్మాస్టరు జెండా వైపు చూపించారు.

"మీరే ఎగరేశారు కదండీ."

మంత్రిగారు ఇక్కడి గాలే మందని ప్రసంగించి ఈల ఊదారు. గాలిమాస్టారి పిల్ల సగం దూరం పరుగెత్తి కూలబడింది. తండ్రి ఇన్‌హేలర్ పట్టుకుని మోకాళ్ల మీద వాలారు. నాలుగు పీల్పుల తర్వాత గానీ ఆ పిల్లకు మాట రాలేదు.

"నాన్నా, జెండా పచ్చగానే ఉందిగా. మరి నాకెందుకు ఊపిరాడట్లేదు?"

కొందరికి శుద్ధమైన గాలి పడదని డైరెక్టరుగారు సానుభూతితో సెలవిచ్చారు. గాలిమాస్టారు లేచి వెళ్లి, పచ్చజెండా దించి ఎర్రది కట్టారు. మీటరుకు విరుద్ధంగా జెండా ఎగరేసిన నేరానికి గంటలో సస్పెండయ్యారు. పచ్చజెండా తిరిగి యథాస్థానం చేరింది.

శుద్ధమైన గాలి కోసం ఈ వారాంతంలో మీరూ కుటుంబంతో వస్తున్నారట. సంతోషం. కార్ల పార్కింగు మీటరు పక్కనే ఏర్పాటు చేశారు. దయచేసి ఇంజన్లు ఆపకండి.