తాళం పాట తగువు

బస్టాండు వెనక సందులో, చెప్పుల కొట్టుకీ పుస్తకాల కొట్టుకీ మధ్య ఇరుకున, గుత్తులు గుత్తులుగా తాళంచెవులు వేలాడదీసుకుని కూర్చునేవాడు తాళాలాయన. ఎవరి తలుపు బిగుసుకున్నా, ఎవరి బీరువా మొండికేసినా ఆయనే దిక్కు. అంత గౌరవంగా బతుకుతున్న మనిషి పరువును ఒక్క పాట వచ్చి ఊడ్చుకుపోయింది.

"తాళం నీది, చెవి నాది, తిప్పి చూడనా పిల్లా" అని దాని ఎత్తుగడ. తరవాత చరణాల్లో నూనె రాయడాలూ, గడియ జారడాలూ ఉన్నాయి. విడివిడిగా చూస్తే ఏ మాటా బూతు కాదు. కలిపి వింటే మాత్రం పిల్లలున్న గదిలోంచి పెద్దలు లేచిపోవాల్సిందే. రేడియోలో ఆ పాట ఆపాలని ఊళ్లో సగం మంది, ఆపితే ఊరుకోమని మిగతా సగం.

కొట్టుకొచ్చిన ప్రతివాడూ "తిప్పి చూడనా?" అనడం, కిసుక్కున నవ్వడం. తాళాలాయన చెవులు ఎర్రబడేవి. అమ్మేవి కాదు, అసలువి.

ఇంటికొస్తే ఇంకా ఘోరం. భార్య రేడియో పెట్టుకుని, కుట్టుమిషను తొక్కుతూ ఆ పాటే కూనిరాగం తీసేది.

"ఏమిటే ఆ పాట? నా పరువు పోతోంది!"

"తాళం బావుంది కదండీ, కాలు దానంతటదే ఆడుతోంది."

"కట్టెయ్ ఆ రేడియో!"

"నా చెవులు నా ఇష్టం."

"ఈ ఇంట్లో చెవులన్నీ నావే!"

"మరి ఒక్కదానికీ వినపడదేం? కుళాయి కారుతోందని ఎన్నిసార్లు చెప్పాను?"

తాళాలాయన చెవులగుత్తి అందుకుని కొట్టుకి బయల్దేరాడు.

ఇంతలో రేడియో స్టేషన్‌వాళ్లు, పాట ఆపాలో వద్దో జనమే వచ్చి చెప్పండి, నేరుగా ప్రసారం చేస్తాం అన్నారు. తాళాలాయన రహస్యంగా పథకం వేశాడు. ఎలాగైనా పాట ఆపించేస్తే కొట్లో పరువూ, ఇంట్లో పెత్తనమూ ఒక్క దెబ్బతో తిరిగొస్తాయి.

"ఓ ఆఫీసులో బీరువా తెరవాలి, వెళ్లొస్తా," అన్నాడు.

"బీరువాకి ఇస్త్రీ చొక్కా ఎందుకండీ?"

"పెద్ద బీరువాలే," అంటూ బయటపడ్డాడు.

స్టూడియోలో గోడలకి పరుపులు కొట్టినట్టున్నాయి. చుట్టూ పాట ఆపాలనేవాళ్లూ, వెయ్యాలనేవాళ్లూ. ఎదురుగా మైకు. కార్యక్రమం నడిపే అమ్మాయి అడిగింది: "ఈ పాటలో మీకు ఏ మాట అభ్యంతరమండీ?"

"నూనె రాయనా అన్నాడు చూడండి, అది!"

"నూనె రాయడం తప్పా?"

"తప్పేం కాదమ్మా, నేను రోజూ రాస్తాను. కానీ దానికో పద్ధతుంది. ముందు మెత్తటి గుడ్డతో తుడవాలి. తొందరపడకూడదు. చెవి నెమ్మదిగా..."

అద్దం అవతల ఇంజినీరు కుర్చీలోంచి కిందికి జారిపోయాడు. ఆ అమ్మాయి నోట్లో చున్నీ కుక్కుకుంది. సరిగ్గా అర్థం కాలేదేమోనని తాళాలాయన చేతులతో చూపించి మరీ మొదలుపెట్టాడు.

స్టేషన్ పెద్దాయన పరుగున వచ్చాడు. "ఆపండయ్యా! పాటకంటే ముందు ఈయన్ని నిషేధించాల్సొచ్చేట్టుంది!"

అప్పుడే ఫోన్ మోగింది. ఆ అమ్మాయి అందరికీ వినపడేలా కలిపింది.

"ఎవరండీ మాట్లాడేది?"

"బీరువా తెరవడానికి వెళ్లినాయన భార్యనండీ."

తాళాలాయన మైకు వెనక నక్కాడు.

"ఒకరికి బూతు వినపడుతోంది, ఒకరికి సరదా వినపడుతోంది, మా ఆయనకి నూనె వినపడుతోంది," అందావిడ. "నాకు వినపడనిది ఆ పిల్ల గొంతు. పాటంతా వాడే అడుగుతాడు, వాడే తిప్పుతాడు. ఆ పిల్ల ఊఁ అందో, ఉఁహూఁ అందో ఎవరికైనా పట్టిందా?"

"అయితే పాట ఆపేయమంటారా?"

"ఇప్పుడాపితే వాడిదే ఆఖరి మాటవుతుంది. ఆ పిల్లని జవాబు చెప్పనివ్వండి."

కుట్టుమిషను టకటకలాడింది. ఆ తాళానికే ఆవిడ గొంతెత్తింది:

"తాళం నాదే, చెవీ నాదే, తీసేదీ నేనే బాబూ!
అడగక వస్తే వాకిట్లోనే ఆగిపో బాబూ!
అంత తిప్పాలనుంటే నీ చెవి నువ్వే
మెలిపెట్టుకో బాబూ!"

స్టూడియో చప్పట్లతో అదిరిపోయింది. ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. ఆపాలని వచ్చిన రిటైర్డు హెడ్మాస్టరూ, వెయ్యాలని వచ్చిన కాలేజీ కుర్రాళ్లూ ఒకే గొంతుతో "ఇంకోసారి!" అని అరిచారు. పెద్దాయన అక్కడికక్కడే ప్రకటించాడు: పిల్లలు వినే వేళల్లో ఆ పాట ఉండదు, వేసినప్పుడల్లా వెనకే జవాబూ వేస్తారు, ఆవిడే వచ్చి పాడాలి.

తాళాలాయన కోపం మూటగట్టుకుని ఇంటికి బయల్దేరాడు. దారి పొడుగునా జనం ఆ జవాబే పాడుకుంటున్నారు. చెప్పుల కొట్టాయన ఎదురొచ్చి మరీ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఇల్లు చేరేసరికి మూటలో కోపం ఏమీ మిగల్లేదు.

"నాతో చెప్పకుండా ఫోన్ చేస్తావా?" అన్నాడు, ఆనవాయితీ తప్పకుండా.

"మీరు నాతో చెప్పి వెళ్లారా?"

"సరేలే... బావుంది."

"ఏమిటీ? వినపడలేదు."

"బావుందన్నానా! ఊరంతా వినిపించావు, నీకు మళ్లీ నేను వినిపించాలా?"

రికార్డింగు రోజున ఆవిడ సంచీ మోసుకుంటూ వెనకే వెళ్లాడు. ఆవిడకి లేచి నమస్కారం పెట్టిన కాపలావాడు, ఈయనకి కర్ర అడ్డం పెట్టాడు.

"మీరెవరు?"

తాళాలాయన ఛాతీ విరుచుకున్నాడు. "పాటావిడ మొగుణ్ణి!"

"అమ్మగార్ని అడిగే వస్తున్నారా?"

ఆవిడ వెనక్కి తిరిగి, కళ్లెగరేసి, జవాబు కోసం నిలబడింది. తాళాలాయన సంచీ భుజానికి మార్చుకుని, నవ్వుతూ తన చెవి తనే మెలిపెట్టుకున్నాడు.