సున్నా నంబరు తొట్టి

ఈ ఊళ్ళో మనిషిగా పుట్టడం కంటే చేపగా పుట్టడం మేలు!

తొందరపడి నవ్వకండి. ఇరవై రెండేళ్ళుగా వార్తలు రాస్తున్నాను. ఆధారం లేని వాక్యాన్ని మా సబ్ ఎడిటర్ గుమ్మం కూడా దాటనివ్వడు. ఆధారం ఉంది. మా వదిన పనిచేసే ల్యాబులో, రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమవైపు గదిలో ఉంది.

ముందు అరటిపండు సంగతి చెప్పాలి.

ఊరికి ఎగువన, ఏటి ఒడ్డున, ఒక ఫ్యాక్టరీ ఉంది. అక్కడ అరటిపండు వాసన తయారు చేస్తారు. పండు కాదు, వాసన మాత్రమే. అదొక ద్రవం. డ్రమ్ముల్లో బయటికొస్తుంది. బిస్కెట్లలో కలుపుతారు. దగ్గుమందులో కలుపుతారు. పిల్లల టూత్‌పేస్టులో, పెన్సిల్ చెరిపే రబ్బరులో కలుపుతారు. మా ఆఫీసులో నేల తుడిచే మందుక్కూడా అదే వాసన. ఇవాళ ఊళ్ళో అరటిపండు వాసన రానిది ఏదైనా ఉందంటే అది అరటిపండే!

గాలి ఇటు తిరిగితే తీగ మీద ఆరేసిన బట్టలకు వాసన. దిండుకు వాసన. ఒక పాఠకుడు నాకు ఉత్తరం రాశాడు: 'సాయంత్రం ఇంటికెళ్ళగానే మా ఆవిడ నా చొక్కా వాసన చూసి, ఒక్కడివే తినొచ్చావా అంటోంది. కాపురం నిలబెట్టండి.'

ఆ కాపురం నిలబెట్టడానికే ఆ ఫ్యాక్టరీని ఈ కాలమ్‌లో ఏడుసార్లు తిట్టాను. ఈ వారం క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఎందుకంటే, ఏమీ ఎరగని ఏటి చేపల బాగోగులు ఈ ఊళ్ళో ఎవరైనా పట్టించుకున్నారంటే అది ఆ అరటి వాసన పుణ్యమే.

జరిగింది ఇది. ఫ్యాక్టరీ తన కడుగు నీళ్ళను ఏట్లోకి వదులుతానని అనుమతి అడిగింది. అధికారులు ఒక ప్రశ్న వేశారు: 'ఈ ద్రవం ఏట్లో పడితే చేపలకేమవుతుంది?' తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. నాలుగు రోజులు. అంటే తొంభై ఆరు గంటలు. ఆ పని మా వదిన ల్యాబుకొచ్చింది.

తొంభై ఆరు గంటలు! మిమ్మల్ని ఎవరైనా అంతసేపు చూశారా? మా డాక్టరు నన్ను మూడు నిమిషాలు చూశాడు. అందులో రెండు నిమిషాలు తన కంప్యూటర్నే చూశాడు. ఉద్యోగంలోకి తీసుకునే ముందు మా ఎడిటర్ పదకొండు నిమిషాలు చూశాడు. ఇంకాస్త చూసి ఉండాల్సిందని ఇప్పటికీ బాధపడుతుంటాడు. చేపకైతే నాలుగు పగళ్ళు, నాలుగు రాత్రులు, ఒక రిజిస్టరు, ఒక థర్మామీటరు, మా వదిన!

ఆవిడ నాకు అంతా అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. ఆ వాసనలో కూర్చుని ఇంకెలా చెబుతుంది?

గదిలో ఆరు గాజు తొట్లు. ఒక్కోదాంట్లో ఏడు చేపలు. వేలెడంత ఉంటాయి. ఒకటో తొట్టిలో ద్రవం కాస్త వేస్తారు. రెండోదాంట్లో దానికి రెట్టింపు. మూడోదాంట్లో దానికి రెట్టింపు. అలా అయిదో తొట్టికొచ్చేసరికి ఊరందరికీ బిస్కెట్లు చేయొచ్చు. ఆరోది మాత్రం వేరు. దాని మీద సున్నా అని రాసి ఉంటుంది. అందులో నీళ్ళూ చేపలూ తప్ప ఏమీ వేయరు. మిగతా వాటిని దాంతో పోల్చి చూస్తారు. ఆ సున్నా తొట్టిలో ఒక చేప చస్తే పోనిమ్మంటారు. రెండోది చచ్చిందా, పరీక్ష చెల్లదు. మళ్ళీ మొదలు.

చచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? మొప్పలు ఆడుతున్నాయా చూస్తారు. ఆడకపోతే గాజు పుల్లతో తోక దగ్గర మెల్లిగా తాకుతారు. కదిలితే బతికున్నట్టు. కదలకపోతే రిజిస్టర్లో రాసి, బయటికి తీస్తారు.

పదకొండేళ్ళుగా ఇదే పని కాబట్టి ఆవిడకి అలవాటైపోయింది. ఆదివారం మధ్యాహ్నం మా అన్నయ్య సోఫాలో పడుకుంటే గరిట కాడతో అరికాలు తాకి చూస్తుంది. ల్యాబు లెక్క ప్రకారం మా అన్నయ్య ఇప్పటికి చాలాసార్లు పోయాడు. బయటికి తీయడానికి బరువని వదిలేసింది.

పరీక్ష సోమవారం పొద్దున మొదలైంది. మంగళవారం మధ్యాహ్నం చూడ్డానికి వెళ్ళాను. చేతిలో బిస్కెట్ల పొట్లం. సున్నా తొట్టి ముందు నిలబడ్డాను. ఏడు చేపలూ గాజు దగ్గరికొచ్చి నన్ను చూశాయి. పరీక్షకు ఒక రోజు ముందు నుంచీ వాటికి మేత పెట్టరట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. విలేకరిని కదా, నిజానికీ ఆకలికీ మాత్రమే కట్టుబడి ఉంటాను. నిజం ఆ పూట అందుబాటులో లేదు.

బుధవారం పొద్దున వదిన ఫోను చేసింది.

"మరిదిగారూ, నిన్న నా తొట్టిలో ఏం వేశారు?"

"ఏమీ వెయ్యలేదు వదినా."

"నీళ్ళ మీద పొడి తేలుతోంది."

"బిస్కెట్టు పొడి. రవ్వంత."

"ఏ బిస్కెట్టు?"

"అరటిపండుది."

అవతల రిజిస్టరు పేజీ తిప్పిన చప్పుడు.

"సున్నా తొట్టిలో ఆరు చేపలు పోయాయి. ఏమీ వేయకూడదనే దాని మీద సున్నా రాసింది. అయిదు తొట్లుండగా మీకు అదే దొరికిందా?"

"మిగతా వాటి దగ్గర వాసనొస్తోంది వదినా!"

మిగతా అయిదు తొట్లలో ముప్పై అయిదు చేపలూ ఈదుతున్నాయి. అయిదో తొట్టిలోవి కూడా. దాని అర్థం ఏమిటి? లోటాడు అరటి ద్రవం కంటే విలేకరి చేతి బిస్కెట్టు ప్రమాదమని! మా ఇంట్లో రెండు రోజులు అదే మాట. అన్నయ్య నా టీ కప్పు విడిగా పెట్టేశాడు.

పరీక్ష చెల్లలేదు. మళ్ళీ మొదలుపెట్టారు. గది తలుపుకి ఒక కాగితం అంటించారు: 'పత్రికలవారికి, బిస్కెట్లకు ప్రవేశం లేదు.' వదిన కుళాయి నీళ్ళు రెండు రోజులు డ్రమ్ములో నిలవ ఉంచి, గాలి పట్టించి, చేపలకు పడని క్లోరిన్ లేదని పరీక్ష కాగితంతో చూసి మరీ సున్నా తొట్టి నింపింది. మొదటిసారీ అలాగే చేసింది. ఈసారి రెండుసార్లు చూసింది.

డెబ్భై రెండు గంటలకి సున్నా తొట్టిలో ఏడూ పోయాయి. మిగతా ముప్పై అయిదూ ఈదుతున్నాయి.

నేను నిర్దోషినని తేలింది. ఏడు చేపల చావుకి సంతోషించడం మర్యాద కాదు. అయినా నా టీ కప్పు నాకు తిరిగొచ్చింది.

మరి తేడా ఎక్కడుంది? వదినకి ముందే తెలుసు. మొదటి రోజే పైవాళ్ళకి చెప్పింది కూడా. ఆరు తొట్లకూ ఒకే నీళ్ళు ఉండాలి. అది రూలు. కానీ ఆ ల్యాబు మేనేజరుకి ఒక అలవాటుంది. ఏం చెప్పినా 'సర్దుకుందాం' అంటాడు. అందుకే అందరూ ఆయన్ని సర్దుబాటు గారంటారు. ఫ్యాక్టరీ వాళ్ళు ఆయనకి ఒక ఉపకారం చేశారు. 'మీకెందుకు శ్రమ, ద్రవం మేమే నీళ్ళలో కలిపి పంపిస్తాం' అన్నారు. అయిదు తొట్లకి సరిపడా క్యాన్లు వచ్చాయి. శుద్ధిచేసిన నీళ్ళు. సున్నా తొట్టికి కలపాల్సింది ఏమీ లేదు కాబట్టి క్యాను రాలేదు.

"సున్నాలో ఏముంటుందమ్మా? కుళాయి నీళ్ళు పట్టెయ్యి" అన్నాడాయన.

పట్టింది. మీ ఇంట్లో, మా ఇంట్లో వచ్చే నీళ్ళే. వాటి సంగతి మీకిప్పుడు తెలిసింది.

ఇక్కడ అరటి ఫ్యాక్టరీని మరోసారి మెచ్చుకోవాలి. తమ వాసన కలపడానికి మన ఊరి నీళ్ళు పనికిరావని వాళ్ళకి ముందే తెలుసు! ఇరవై రెండేళ్ళ విలేకరిని, నాకు తెలియలేదు.

మూడోసారి సున్నా తొట్టికి కూడా ఒక క్యాను తెప్పించారు. తొంభై ఆరు గంటల్లో ఒక్క చేప కూడా పోలేదు. నలభై రెండూ తోకలాడించాయి. రిపోర్టు తయారైంది: 'ఈ ద్రవం వల్ల చేపలకు నష్టం కనిపించలేదు.' అది నిజం. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

రిపోర్టు కింద 'పరీక్ష చేసినవారు' అని ఒక గీత ఉంటుంది. అక్కడ వదిన సంతకం పెట్టాలి. దాని పైన రిమార్కుల గడి. వదిన వెంటనే సంతకం పెట్టలేదు. గడిలో మూడు లైన్లు రాసింది.

సర్దుబాటు గారు పిలిపించాడు.

"అమ్మా, ఇది అరటి వాసన మీద రిపోర్టు."

"అవును సార్."

"కుళాయి గురించి మనల్ని ఎవరూ అడగలేదు."

"చేపలు చెప్పాయి సార్."

"చేపలు మన క్లయింటు కాదమ్మా. అయినా ఆ రెండూ చెల్లని పరీక్షలు."

"ఎందుకు చెల్లలేదో రాయాలి కదా సార్. అదీ రూలే."

సర్దుబాటు గారు నీళ్ళు నమిలాడు. ఆయన టేబుల్ మీద ఉన్నది క్యాను నీళ్ళే.

"గడి చిన్నదమ్మా. పట్టదు."

"అక్షరాలు చిన్నవి చేశాను సార్. పట్టాయి."

ఆయన కాగితాన్ని వదిన వైపు జరిపాడు. చెడ్డవాడు కాదు. ఇంటికెళ్తే ఆయనకీ ఇద్దరు పిల్లలు, ఒక కుళాయి.

"శుక్రవారం మధ్యాహ్నం దాకా టైముంది. ఆ మూడు లైన్లూ తీసేసి సంతకం పెట్టు. లేదంటే... షాంపూల సెక్షన్లో ఒకరు కావాలంటున్నారు."

పదకొండేళ్ళు చేపల్ని చూసిన మనిషికి షాంపూ అంటే ఏమిటో ఆలోచించండి. షాంపూకి తోక ఉండదు. నువ్వొచ్చావని గాజు దగ్గరికి రాదు. ఆ వారమంతా ఇంట్లో వదిన తక్కువ మాట్లాడింది. నేను కుళాయి తిప్పి గ్లాసు నింపుకుంటే మాత్రం నిలబడి చూసేది.

"ఏంటి వదినా?"

"ఏం లేదు, తాగండి. నలభై ఎనిమిది గంటలయ్యాక మాట్లాడుకుందాం."

అన్నయ్య సర్దిచెప్పబోయాడు. "సంతకమే కదా, పెట్టేయొచ్చుగా. నీళ్ళు ఇన్నేళ్ళుగా తాగుతున్నాం, మనకేమైంది?"

వదిన గరిట తీసుకుని ఆయన అరికాలు తాకి చూసింది. అన్నయ్య కాలు లాక్కున్నాడు.

"ప్రస్తుతానికి ఏమీ కాలేదు" అంది.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి వదిన పెన్ను మూత పెట్టి, జేబులో పెట్టుకుంది. రిమార్కుల గడి ఖాళీగా ఉన్న కొత్త కాగితం మీద సర్దుబాటు గారు తన సంతకం తానే పెట్టుకుని పంపేశాడు. సోమవారం నుంచి వదిన షాంపూల సెక్షన్లో ఉంది. చేపల గది తాళాలు ఇచ్చేసింది. గాజు పుల్ల మాత్రం ఇంటికి తెచ్చుకుంది.

ఇప్పుడు చెప్పండి. చేపగా పుట్టడం మేలా, కాదా? ఆరు చేపలు పోతే పరీక్ష ఆగింది. తలుపుకి కాగితం అంటించారు. మూడోసారి వాటికి శుద్ధిచేసిన నీళ్ళు తెప్పించారు. మన కోసం ఎప్పుడైనా క్యాను తెప్పించారా? ఎందుకు తెప్పిస్తారు? మనం అయిదు తొట్లలో ఏ తొట్టిలోనూ లేం. మనది సున్నా తొట్టి. సున్నాలో ఏముంటుందమ్మా!

రిమార్కుల గడి చిన్నదని, పట్టదని సర్దుబాటు గారన్నాడు. ఆ మాట నిజమే అయ్యుండొచ్చు. వారం వారం ఈ పత్రిక నాకిచ్చే గడి దానికంటే కాస్త పెద్దది. కాబట్టి ఆ మూడు లైన్లూ ఇక్కడ పెడుతున్నాను:

'సున్నా తొట్టి, ఊరి కుళాయి నీళ్ళు. మొదటిసారి నలభై ఎనిమిది గంటల్లో ఏడింట ఆరు చేపలు పోయాయి.

రెండోసారి డెబ్భై రెండు గంటల్లో ఏడూ పోయాయి. క్లోరిన్ లేదు.

కుళాయి నీళ్ళను పరీక్ష చేయించాలి.'

ఈ లైన్లు నాకెవరిచ్చారో చెప్పను. అది విలేకరి ధర్మం. నాకు వదిన ఒక్కతే అన్న సంగతి మీరూ మరచిపోండి.

ఇది చదువుతూ పక్కన నీళ్ళ గ్లాసు పెట్టుకున్నవాళ్ళు కంగారు పడొద్దు. తాగేవాళ్ళు తాగండి. తాగి, ఈ కాగితం అంచుతో మీ అరికాలు మెల్లిగా తాకి చూసుకోండి. కదిలితే ఒక కార్డు ముక్క రాసి పడేయండి. మా ఇంట్లో రిజిస్టరు తెరిచే ఉంది.